అవ్వ ట్రంకుపెట్టె ఎవరింట్లో ఉండాలి?

మా నెల్లూరు వైపు నెల ఒకటో తారీఖున రెండు పనులు జరుగుతాయి. పొద్దున్నే సచివాలయం ఉద్యోగి వచ్చి పింఛను చేతిలో పెట్టి పోతాడు. ఎండ ముదిరేలోపు అవ్వ ఇల్లు మారుతుంది.

ముగ్గురు కొడుకులు, నెలకొకరి వంతు. అవ్వకున్నదల్లా ఒక ట్రంకుపెట్టె, ఒక దుప్పటి, బీపీ మాత్రల కవరు, చేతికర్ర. మనవడు పెట్టెను సైకిల్ క్యారేజీ మీద పెట్టి తోసుకుంటూ ముందు నడుస్తాడు. అవ్వ వెనక నడుస్తుంది. పింఛను 4,000 రూపాయలు ఆ నెల ఎవరి వంతైతే వాళ్ళవి. ఇక్కడిదాకా ఊళ్ళో ఎవరికీ తప్పుగా అనిపించదు. కానీ వాళ్ళ ఒప్పందంలో నెలంటే ముప్ఫై రోజులు. ముప్ఫై ఒకటో రోజు అన్నం ఎవరు పెట్టాలో తెగలేదు. ఒక జూలై 31న ఆవిడ పొద్దుగూకేదాకా రామాలయం అరుగు మీద కూర్చుని ఉంది.

"ఏం అవ్వా, ఇక్కడ కూర్చున్నావే?" అని అడిగాను.

"ఊరికే అయ్యోరా, గాలి కోసం" అంది.

ఆ రాత్రి ఆవిడకు అన్నం పెట్టింది కొడుకులు కాదు, గుడి వెనకింటి ఆవిడ. నేను బడిపంతులుగా రిటైరై పెన్షనర్ల సంఘంలో తిరుగుతుంటాను. చదువురాని వాళ్ళకు అర్జీలు రాసిపెడుతుంటాను. 'గాలి కోసం' అన్న ఆ మాట లాంటివి చాలా విన్నాను. 'కాలు జారి పడ్డాను', 'ఆకలి లేదు', 'పిల్లోడు మంచోడే, కోడలు పిల్ల కూడా మంచిదే'. పెద్దవాళ్ళ మీద జరిగే హింస గురించి మాట్లాడటం ఎందుకింత కష్టమంటే, బాధపడేవాళ్ళే దాన్ని దాచిపెడతారు. బాధపెట్టేది కన్నబిడ్డ కాబట్టి.

దీంట్లో చట్టం ఉంది, ఆస్తి ఉంది, పరువు ఉంది, పేదరికం ఉంది. అన్నీ ఒకదాంట్లో ఒకటి చిక్కుపడి ఉంటాయి. నాకు తెలిసినంతలో ఒక్కొక్క పోగూ విడదీసి చెబుతాను.

ముందు, హింస అంటే ఏంటి? చెయ్యి చేసుకోవడం ఒక్కటే కాదు. మందులు కొనకపోవడం, కళ్ళకు శుక్లాలొచ్చినా ఆపరేషన్ ఏళ్ళ తరబడి వాయిదా వేయడం, పలకరించకుండా నెలలు గడపడం, అందరూ తిన్నాక గిన్నెలో మిగిలింది పెట్టడం, ఇవన్నీ హింసే. ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు తండ్రి పేరు మీదున్న పొలాన్ని రొయ్యల గుంటలకు లీజుకిస్తారు. లీజు డబ్బు కొడుకు ఫోన్‌పేలోకి పోతుంది. తండ్రి టీ తాగడానికి పది రూపాయలు అడగాల్సి వస్తుంది. ప్రకాశం జిల్లాలో పొగాకు ఆరబెట్టే బ్యారన్ తండ్రి పేరు మీదే ఉంటుంది. కానీ బ్యాంకు పుస్తకం ఏ బీరువాలో ఉందో ఆయనకు తెలియదు.

నన్ను అన్నిటికంటే కలచివేసేది ఇంకొకటి. అమ్మను పెద్దోడు, నాన్నను చిన్నోడు పంచుకోవడం. యాభై ఏళ్ళు కలిసి బతికిన మొగుడూపెళ్ళాలు పండక్కో పబ్బానికో ఒకరినొకరు చూసుకుంటారు. ఒంగోలు దగ్గర ఒక పెద్దాయన, భార్యకు జ్వరమొచ్చిన సంగతి మూడు రోజుల తర్వాత వేరేవాళ్ళ ద్వారా విన్నాడు. దీన్ని మనం 'సర్దుబాటు' అంటాం. ఆయన మాత్రం నా ముందు కూర్చుని తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం అరవై దాటిన ప్రతి ఆరుగురిలో ఒకరు ఏడాదిలో ఏదో ఒక రకమైన హింసను ఎదుర్కొంటున్నారు. ఐక్యరాజ్యసమితి జూన్ 15ను ఇందుకోసమే ప్రత్యేకంగా కేటాయించింది. కానీ మన ఊళ్ళో దీని గురించి కదిలిస్తే ముందు వచ్చే మాట ఒకటే. 'అది వాళ్ళింటి విషయం, మనకెందుకు?'

ఈ మాట నెల్లూరు జిల్లాలో అనకూడదు. ఎందుకో చెబుతాను.

1990ల మొదట్లో ఇక్కడ సారా తాగి వచ్చి భార్యను కొట్టడం కూడా 'వాళ్ళింటి విషయమే'. అక్షరాస్యత తరగతుల కోసం సాయంత్రాలు ఒకచోట కూర్చున్న ఆడవాళ్ళు చదువుతోపాటు తమ కష్టాలు కూడా చెప్పుకున్నారు. కలిగిరి మండలం దూబగుంటలో సారాను ఊళ్ళోకి రానివ్వలేదు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. 1992లో ఉద్యమం జిల్లా మొత్తం పాకింది, సారా వేలంపాటలు ఆగిపోయాయి. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధమైంది. ఆ ఊపులోనే రోజుకో రూపాయి దాచుకునే పొదుపు సంఘాలు ఇక్కడ వేళ్ళూనుకున్నాయి. అంటే, నాలుగు గోడల మధ్య జరిగేది ఊరి విషయం ఎలా అవుతుందో దేశానికి చూపించింది ఇక్కడి ఆడవాళ్ళే.

ఆ రోజు ముప్ఫై ఐదేళ్ళున్న ఆవిడకు ఇప్పుడు డెబ్బై దగ్గర పడింది. అప్పుడు సారా కొట్టు ముందు బైఠాయించిన ఆడవాళ్ళలో కొందరు ఇప్పుడు ట్రంకుపెట్టె వెనక నడుస్తున్నారు. రామాలయం అరుగు మీద కూర్చున్న అవ్వ కూడా వాళ్ళలో ఒకరు. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. తెలిసిన రోజు నుంచి నాకు నిద్ర సరిగా పట్టలేదు.

చట్టం ఏం చెబుతోంది

తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. మన రాష్ట్రంలో దీనికి 2011లో రూల్స్ చేశారు. అరవై దాటితే సీనియర్ సిటిజన్. అయితే తల్లిదండ్రులకు ఈ వయసు నిబంధన లేదు. యాభై ఐదేళ్ళ తల్లి కూడా బిడ్డల మీద పోషణ అడగొచ్చు. కన్నతల్లే కానక్కర్లేదు, దత్తత తీసుకున్న తల్లి, సవతి తల్లి కూడా అడగొచ్చు. 'పోషణ' అంటే అన్నం ఒక్కటే కాదు. బట్ట, ఉండటానికి చోటు, వైద్యం అన్నీ అందులోకి వస్తాయి.

ఎవరిని అడగాలి? కొడుకులనే కాదు, కూతుళ్ళను కూడా. మేజర్లైన మనవళ్ళు, మనవరాళ్ళను కూడా. ఇది చాలామందికి మింగుడుపడదు. 'పసుపు కుంకుమ కింద ఇచ్చేశాం, ఇంక ఆడపిల్లను ఏం అడుగుతాం' అంటారు. చట్టం మాత్రం కొడుకునూ కూతురినీ వేరు చేసి చూడదు. అల్లుడు, కోడలు పేర్లు ఆ బాధ్యుల జాబితాలో లేవు. పిల్లలు లేని పెద్దవాళ్ళైతే, వాళ్ళ ఆస్తిని అనుభవిస్తున్న లేదా రేపు వారసత్వంగా పొందబోయే బంధువుని అడగొచ్చు. బిడ్డలు అమెరికాలో ఉన్నా, భారత పౌరులైతే వాళ్ళకూ ఈ చట్టం వర్తిస్తుంది. నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో పెద్ద ఫ్లాట్‌లో ఒంటరిగా ఉండే తల్లికి ఈ ఒక్క ముక్క తెలిస్తే చాలు, ధైర్యంగా ఉంటుంది.

ఎక్కడ అడగాలి? కోర్టులో కాదు. మీ డివిజన్ ఆర్డీవో లేదా సబ్ కలెక్టర్ దగ్గర. ఆయనే ఈ చట్టం కింద ట్రిబ్యునల్. లాయర్‌ను పెట్టుకోవాల్సిన పని లేదు. తెల్లకాగితం మీద పేరు, వయసు, బిడ్డల పేర్లు, చిరునామాలు, ఎవరికి ఏముంది, తమకు ఏం కావాలి అని రాసి, ఆధార్ కాపీ జతచేసి ఇవ్వొచ్చు. కొడుకు బెంగళూరులో మేస్త్రీ పని చేస్తున్నా, తల్లి తానుండే చోటే అర్జీ పెట్టుకోవచ్చు. నోటీసు అందినా కొడుకు రాకపోతే, అతను లేకుండానే విచారించి తీర్పు ఇవ్వొచ్చు. విచారణ సాగుతుండగా మధ్యంతరంగా నెలకింత ఇమ్మని కూడా ఆదేశించవచ్చు. నోటీసు అందిన 90 రోజుల్లో విచారణ తేల్చాలి. తప్పనిసరైతే ఒక్కసారి మాత్రం 30 రోజులు పెంచొచ్చు. పోషణ కింద నెలకు గరిష్ఠంగా 10,000 రూపాయల దాకా ఇప్పించొచ్చు. ఆదేశించిన డబ్బు కట్టకపోతే వారంటు, ఆ తర్వాత నెల రోజుల దాకా జైలు. ఇక్కడ ఒక మెలిక ఉంది. బాకీ పడిన డబ్బు కోసం మూడు నెలల లోపే మళ్ళీ ట్రిబ్యునల్‌కు రాయాలి. 'ఇస్తాడులే' అని ఏడాది ఆగితే పాత నెలలవి చేజారిపోతాయి. తీర్పు తమకు న్యాయంగా లేదనిపిస్తే 60 రోజుల్లోపు జిల్లా స్థాయి అప్పీలు ట్రిబ్యునల్‌కు, అంటే కలెక్టర్ దగ్గరికి వెళ్ళొచ్చు.

ఈ చట్టమే కాకుండా పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ)లో 125వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు కోర్టులో మనోవర్తి అడిగే దారి కూడా ఉండేది. 2024 జూలై 1 నుంచి అది కొత్త భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144వ సెక్షన్‌గా మారింది. రెండు దారుల్లో ఒకటే ఎంచుకోవాలి. నా మటుకు నేను ఆర్డీవో దారినే చెబుతాను. డెబ్బై ఐదేళ్ళ మనిషి కోర్టు వరండాలో వాయిదాల కోసం కూర్చోవడం నేను చూడలేను.

కాగితం మీద ఇంత సులభంగా ఉన్నది ఆచరణలో ఎక్కడ ఆగుతుంది? నేను ఒక పెద్దాయనను వెంటబెట్టుకుని ఒక ఆఫీసుకు వెళ్ళాను. అక్కడి ఉద్యోగి అర్జీ చదివి, "కొడుకు మీదే కేసు పెడతావా పెద్దాయనా, రేపు తలకొరివి ఎవరు పెడతారు?" అన్నాడు. ఆయన మాట్లాడకుండా అర్జీ మడిచి జేబులో పెట్టుకుని బస్సెక్కాడు. ఆ ఉద్యోగి దురుద్దేశంతో అనలేదు. కానీ ఆ ఒక్క మాటతో ఒక చట్టం మొత్తం మూసుకుపోయింది.

అందుకే నేను ఇప్పుడు 'కేసు' అనే మాటే వాడను. అది నిజంగానే కేసు కాదు కూడా. ట్రిబ్యునల్ అర్జీని ముందు రాజీ అధికారి దగ్గరికి పంపొచ్చు. ఆయన రెండు పక్షాలనూ కూర్చోబెట్టి నెలలోపు ఒప్పందానికి తీసుకురావాలి. ఒప్పందం కుదిరితే ట్రిబ్యునల్ దాన్నే ఉత్తర్వుగా ఇస్తుంది. ఊళ్ళో పెద్దమనుషుల పంచాయితీకీ దీనికీ తేడా ఇదే. పంచాయితీలో ఒప్పుకున్న మాట మరుసటి నెలకే మరుగున పడుతుంది. ఈ ఉత్తర్వు వెనక వారంటు ఉంటుంది.

ఇంకో ముఖ్యమైన విషయం ఉంది. ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుంచుకోవాలనుకుంటే ఇది గుర్తుంచుకోండి. పెద్దవాళ్ళు తమంతట తాము వెళ్ళలేకపోతే, వాళ్ళు అధికారమిచ్చిన ఎవరైనా, ఏ సంఘమైనా వాళ్ళ తరఫున అర్జీ పెట్టొచ్చు. ఎవరూ పెట్టకపోయినా ట్రిబ్యునల్ తనంతట తానే విచారణకు తీసుకోవచ్చు. అంటే 'వాళ్ళింటి విషయం మనకెందుకు' అనే మాటకు చట్టమే జవాబు చెప్పింది. పక్కింటివాళ్ళకు, పొదుపు సంఘానికి, పెన్షనర్ల సంఘానికి చట్టం తలుపు తెరిచే పెట్టింది.

రిజిస్ట్రారు ఆఫీసు ముందు ఆగాల్సిన చోటు

నా దగ్గరికి వచ్చేవాటిలో సగానికి పైగా గొడవలు పుట్టేది ఇక్కడే. తండ్రి పొలమో ఇల్లో కొడుకు పేరు మీద రాసిస్తాడు. ఆరు నెలలు బాగానే ఉంటుంది. తర్వాత వరండాలో మంచం, ఆ తర్వాత గొడ్లచావిడిలో మంచం.

దస్తావేజు రాసేవాళ్ళు మామూలుగా రాసే వాక్యం 'నీయందు నాకు గల ప్రేమాభిమానములచేత' అని మొదలై 'ఇకమీదట ఈ ఆస్తిపై నాకు గాని నా వారసులకు గాని ఎట్టి హక్కు లేదు' అని ముగుస్తుంది. ఆ రెండు మాటల మధ్య ఆ మనిషి మిగిలిన బతుకంతా ఉంటుంది. అందులో ఒక్క షరతు కూడా ఉండదు.

2007 చట్టంలో 23వ సెక్షన్ ఈ విషయాన్నే చూస్తుంది. తన అవసరాలు చూసుకోవాలన్న షరతుతో పెద్దవాళ్ళు ఆస్తి ఇచ్చాక, తీసుకున్నవాళ్ళు చూసుకోకపోతే, ఆ బదిలీ మోసంతోనో బలవంతంతోనో జరిగినట్టే లెక్క. ఇచ్చినవాళ్ళు కోరితే ట్రిబ్యునల్ దాన్ని చెల్లదని ప్రకటించవచ్చు. చట్టం అమల్లోకి వచ్చాక జరిగిన బదిలీలకే ఇది వర్తిస్తుంది.

'షరతుతో' అన్న మాట దగ్గరే అంతా ఉంది. 2022 డిసెంబర్‌లో సుదేశ్ ఛికారా కేసులో సుప్రీంకోర్టు, షరతు ఉన్నట్టు రుజువు కాకపోతే 23వ సెక్షన్ పనిచేయదని చెప్పింది. ప్రేమతో ఇచ్చాం కాబట్టి చూసుకోవడం అందులోనే కలిసి ఉంది అనుకోవడానికి లేదు. 2025 జనవరి 2న ఊర్మిళా దీక్షిత్ కేసులో అదే కోర్టు ఒక తల్లికి ఊరటనిచ్చింది. మధ్యప్రదేశ్‌కు చెందిన ఆ తల్లి కొడుక్కి ఆస్తి గిఫ్టుగా ఇచ్చింది. చూసుకుంటానని కొడుకు ఇచ్చిన హామీ పత్రాన్ని కూడా కలిపి చూసి, గిఫ్టును రద్దు చేసి ఆస్తి తల్లికి అప్పగించమంది. ఇది పెద్దవాళ్ళ మేలు కోసం చేసిన చట్టం కాబట్టి దాన్ని ఉదారంగా చదవాలని, అవసరమైతే ట్రిబ్యునల్ ఖాళీ చేయించొచ్చని కూడా చెప్పింది. ఈ రెండు తీర్పులనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటే అర్థమవుతుంది. షరతు కాగితం మీద ఉంటే గట్టున పడతారు, లేకపోతే కోర్టు దయ మీద ఉంటారు.

కాబట్టి దస్తావేజు రాయించేటప్పుడు తెలుగులోనే, స్పష్టంగా ఇలా ఒక మాట పెట్టించుకోండి: 'నేను జీవించి ఉన్నంతకాలం నా తిండి, బట్ట, నివాసం, వైద్యం చూసుకోవాలన్న షరతు మీదనే ఈ ఆస్తిని ఇస్తున్నాను. చూసుకోని పక్షంలో ఈ దస్తావేజును రద్దు చేయించుకునే హక్కు నాకు ఉంటుంది. నా జీవితకాలం ఈ ఇంట్లో నివసించే హక్కు నాదే.' రాసే ఆయన 'ఇవన్నీ ఎందుకు పెద్దాయనా, అనవసరంగా బిడ్డలను అనుమానించినట్టుంటుంది' అంటాడు. అనుమానం కాదు. పెళ్ళిలో కూడా సాక్షులుంటారు, అంతమాత్రాన పెళ్ళికొడుకుని అనుమానించినట్టా?

ఇంకా మంచిది వీలునామా. అది మనం పోయాకే అమల్లోకి వస్తుంది, బతికున్నంతకాలం ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. రిజిస్టరైన గిఫ్ట్ డీడ్‌ను మాత్రం మనసు మారిందని మనం ఒక్కరమే వెళ్ళి రద్దు చేసుకోలేం. ఖాళీ స్టాంపు కాగితాల మీద, అర్థం కాని పవర్ ఆఫ్ అటార్నీ మీద సంతకం, వేలిముద్ర అసలు వేయొద్దు. కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయిన రోజున ఏ సంతకమూ చేయొద్దు.

ఒక్క విషయం న్యాయంగా చెప్పాలి. ఇంట్లోంచి ఖాళీ చేయించడమంటే కొన్నిసార్లు ఒక ఆడపిల్లను రోడ్డు మీదకు తోయడం కూడా అవుతుంది. మొగుడితో గొడవపడ్డ కోడలిని ఇంట్లోంచి పంపేయడానికి ఈ చట్టాన్ని వాడుకునే అత్తమామలున్నారు. 2020లో ఎస్.వనిత కేసులో సుప్రీంకోర్టు, గృహహింస చట్టం కింద కోడలికున్న నివాస హక్కును ఈ చట్టంతో కొట్టేయకూడదని చెప్పింది. నేను అర్జీ రాసేముందు కోడలి మాట కూడా విని వస్తాను. ఒకసారి అలా విన్నాకే, రాయనని చెప్పి లేచి వచ్చేశాను.

పింఛను, బ్యాంకు, ఫోను

2024 జూలై నుంచి వృద్ధాప్య పింఛను 4,000 రూపాయలు అయ్యింది. పక్షవాతం వచ్చి మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైనవాళ్ళకు ఎన్టీఆర్ భరోసా పింఛను పథకంలోనే 15,000 ఉంది. అర్హత ఉండి కూడా అడగని ఇళ్ళు చూశాను. అది వస్తే చూసుకునే కోడలికి కూడా ఊపిరాడుతుంది.

డబ్బు దగ్గర ఒక చిన్న జాగ్రత్త. ఉమ్మడి ఖాతా తెరిచేటప్పుడు బ్యాంకు ఫారంలో 'ఫార్మర్ ఆర్ సర్వైవర్' అని పెట్టమనండి. అప్పుడు మొదటి పేరున్న మనిషి బతికుండగా ఆ మనిషే డబ్బు తీయగలరు. 'ఐదర్ ఆర్ సర్వైవర్' పెడితే ఎవరైనా తీసుకుపోవచ్చు. ఫోను నంబరు కొడుకుది కాకుండా సొంతది ఇవ్వండి, ఓటీపీ దానికే వస్తుంది. మీకు తెలియకుండా మీ పేరు మీద లోన్ తీశారేమో ఏడాదికోసారి పాస్‌బుక్ పట్టుకెళ్ళి అడగండి. ఫోన్లో 'డిజిటల్ అరెస్ట్' అని ఎవరైనా భయపెడితే పెట్టేయండి. అలాంటి అరెస్ట్ లేనే లేదు. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేయండి.

కొడుకు చెడ్డవాడు కానప్పుడు

కనిగిరి, పామూరు, ఉదయగిరి వైపు పోతే వేరే దృశ్యం కనిపిస్తుంది. వానల్లేక, బోర్లు ఎండిపోయి, పిలకాయలు హైదరాబాద్‌కో బెంగళూరుకో చెన్నైకో కూలి పనులకు పోతారు. ఊళ్ళో మిగిలేది ముసలివాళ్ళు, వాళ్ళ ఒళ్ళో మనవళ్ళు. ఎక్కడో రేకుల షెడ్డులో ఉంటూ నెలకు రెండు వేలు పంపే కొడుకు మీద అర్జీ ఏం రాస్తాం? అక్కడ కావాల్సింది ట్రిబ్యునల్ కాదు. పొద్దున ఒక మనిషి తలుపు తట్టి 'అవ్వా, లేచావా?' అని అడగడం. మాత్రలు అయిపోతే తెచ్చిపెట్టడం. ఆసుపత్రికి తోడు రావడం.

అలాగే మతిమరుపు వచ్చిన తండ్రిని రాత్రంతా కాపలా కాసి, పొద్దున్నే పనికి పోయే కొడుకు ఒకరోజు విసుక్కుంటే అతన్ని దోషిని చేయకండి. అతనికి ఒక పూట తెరిపి ఇచ్చే మనిషి కావాలి. విసుగు రోజూ అరుపులయ్యి, అరుపులు దెబ్బలయ్యేలోపు ఆ తెరిపి దొరికితే చాలా ఇళ్ళు నిలబడతాయి.

ఊరు ఏం చేయగలదు

కళ్ళు తెరిచి ఉండటంతో మొదలుపెట్టాలి. రోజూ అరుగు మీద కూర్చునే మనిషి వారం రోజులుగా కనబడకపోతే అడగండి. ఒంటి మీద మచ్చలు, ఉన్నట్టుండి తగ్గిన బరువు, మనం మాట్లాడిస్తుంటే కొడుకు వైపు చూసి జవాబు చెప్పడం, చేతికి గాజులూ చెవులకు కమ్మలూ మాయమవడం, ఇవి చూడాలి. ఆశా కార్యకర్త బీపీ చూసేటప్పుడు, సచివాలయం ఉద్యోగి పింఛను ఇచ్చేటప్పుడు, ఆ ఐదు నిమిషాలు ఆ మనిషితో ఒంటరిగా మాట్లాడితే చాలా తెలుస్తుంది. పింఛను ఇచ్చేటప్పుడు 'ఈ డబ్బు నీ దగ్గరే ఉంటుందా?' అనే ఒక్క ప్రశ్న అడగమని మా సచివాలయం పిల్లలకు చెప్పాను. ఇప్పుడు ఇద్దరు అడుగుతున్నారు.

ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళ జాబితా పోలీస్ స్టేషన్‌లో ఉండాలని, నెలకోసారైనా వెళ్ళి చూసి రావాలని ఈ చట్టం కింద కేంద్రం ఇచ్చిన నమూనా రూల్స్‌లో ఉంది. మీ స్టేషన్‌లో ఆ జాబితా ఉందో లేదో నలుగురు కలిసి వెళ్ళి మర్యాదగా అడగండి. జిల్లాకు ఒకటి చొప్పున, కనీసం 150 మంది నిరుపేద వృద్ధులుండేలా ఆశ్రమాలు ప్రభుత్వం దశలవారీగా కట్టొచ్చని కూడా చట్టంలో ఉంది. అడిగేవాళ్ళుంటేనే అది కాగితం మీద నుంచి దిగుతుంది. పెద్దవాళ్ళను ఎక్కడో వదిలేసి పోవడం నేరం. మూడు నెలల దాకా జైలు లేదా 5,000 రూపాయల దాకా జరిమానా లేదా రెండూ పడొచ్చు. తిరుపతి బస్సెక్కించి దించి వచ్చేవాళ్ళకు ఈ సంగతి తెలియాలి.

14567 అనే టోల్ ఫ్రీ నంబరు పెద్దవాళ్ళ కోసమే ఉంది. పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా పనిచేస్తుంది. 2021 అక్టోబర్ 1న దాన్ని దేశానికి అంకితం చేసింది అప్పటి ఉపరాష్ట్రపతి, మన నెల్లూరు జిల్లా మనిషి ఎం.వెంకయ్యనాయుడు. పక్కింటివాళ్ళు కూడా చేయొచ్చు. ప్రాణం మీదకు వస్తే 112. ఉచిత న్యాయ సహాయానికి 15100. ఆడవాళ్ళకైతే ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ లాయర్‌ను ఇస్తుంది. సోమవారం పూట నెల్లూరు కలెక్టరేట్ తిక్కన ప్రాంగణంలోనో, ఒంగోలు ప్రకాశం భవన్‌లోనో అర్జీ ఇచ్చినా అది ఆర్డీవోకు చేరుతుంది. అక్కడికి పోయేటప్పుడు పెద్దవాళ్ళను ఒంటరిగా పంపొద్దు. తోడు వెళ్ళేవాళ్ళుంటే 'తలకొరివి ఎవరు పెడతారు' అనే మాట ఎవరి నోటి నుంచీ అంత తేలిగ్గా రాదు.

ఇక అవ్వ సంగతి. ఆవిడ అర్జీకి ఒప్పుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. నా మాటకు ఒప్పుకోలేదు. పొదుపు సంఘం ఆడవాళ్ళు ఐదుగురు ఒక సాయంత్రం వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నారు. వాళ్ళలో ఇద్దరు 92లో ఆవిడతో కలిసి సారా కొట్టు ముందు కూర్చున్నవాళ్ళే. "ఆ రోజు మా ఆయన్ని నువ్వే కదక్కా నిలదీశావు, ఇప్పుడు నీ కొడుకుల్ని మేం అడగగూడదా?" అంది ఒకావిడ. అవ్వ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత వేలిముద్ర వేసింది.

రాజీ అధికారి ముందు ముగ్గురు కొడుకులూ తలొంచుకుని కూర్చున్నారు. అవ్వ అడిగింది ఒక్కటే. చిన్నోడు ఎరువుల బస్తాలు వేసుకున్న తన పాత రెండు గదుల ఇల్లు తనకు కావాలంది. అన్నం తనే వండుకుంటానంది. నెలకు ఒక్కొక్కరు రెండున్నర వేలు ఆవిడ ఖాతాలో వేసేలా, పింఛను ఆవిడ చేతిలోనే ఉండేలా రాసుకున్నారు. దాన్నే ట్రిబ్యునల్ ఉత్తర్వుగా ఇచ్చింది. పెద్దోడు, చిన్నోడు సరిగ్గా వేస్తున్నారు. నడిపోడు రెండు నెలలు వేసి మూడో నెల ఆపాడు. సంఘం ఆడవాళ్ళు ప్రతి నెలా ఐదో తారీఖున పాస్‌బుక్ చూస్తారు కాబట్టి వెంటనే తెలిసింది, వెళ్ళి అడిగారు, వేశాడు. వచ్చే నెల మళ్ళీ అడగాల్సి రావచ్చు.

ఉత్తర్వు వచ్చాక మొదటి నెల ఒకటో తారీఖున, ఎవరూ చెప్పకపోయినా, అలవాటు కొద్దీ మనవడు సైకిల్ తోసుకుంటూ అవ్వ గుమ్మం ముందుకు వచ్చి నిలబడ్డాడు. పెట్టె మంచం కింద ఉంది. అవ్వ పొయ్యి మీద కూర దించి, "ఇంకెక్కడికీ పోయేది లేదురా, కాళ్ళు కడుక్కునిరా, అన్నం తిందువుగాని" అంది.